బ్యాంకులో పెద్దమొత్తపు నగదు: ముక్కలు చేసి కట్టవచ్చునా?

ఈ యేడు మిర్చి యమ్మకములు ముగిసిన పిమ్మట మన సంఘ సభ్యులొకరు మాయొద్దకు వచ్చి, "అయ్యా, పది లక్షలు దాటి నగదు కట్టినచో ఢిల్లీకి కబురు పోవునట గదా! పలువురికి పలుమార్లు అమ్మగా వచ్చిన పదునొకండు లక్షలున్నవి. నాలుగు దినములలో నాలుగు ముక్కలుగా కట్టెదను. తప్పా?" అని యడిగిరి. ఈ ప్రశ్న వారొక్కరిదే కాదు. పంట చేతికి వచ్చిన ప్రతి యేట నెవరో యొకరు దీనినే గుసగుసగా నడుగుచున్నారు. గుసగుస యెందులకో మాకు బోధపడదు. సొమ్ము వారి చెమట ఫలమే. కావున బహిరంగముగనే వ్రాయుచున్నాము.

కబురు పోవు మాట నిజమే. 2002 సంవత్సరపు మనీ లాండరింగు నిరోధక చట్టము 2005 జూలై 1వ తేదీనుండి అమలులోనికి వచ్చినది. దాని క్రింది నిబంధనల ప్రకారము పది లక్షల రూపాయలకు మించిన ప్రతి నగదు వ్యవహారమును బ్యాంకు మఱుసటి నెల 15వ తేదీలోపల, ఢిల్లీలో 2004లో నేర్పడిన ఫైనాన్షియల్ ఇంటెలిజెన్స్ యూనిట్ అను కేంద్ర ప్రభుత్వ కార్యాలయమునకు తెలుపవలెను. కట్టుటయే కాదు, తీసికొనుటయు నిందు జేరును. జిల్లా సహకార కేంద్ర బ్యాంకునకును ఇదియే విధి. అది మన సొంత బ్యాంకు గనుక చూచియు చూడనట్లు పోవునని యెవరును తలపరాదు. చెక్కు మూలముగా గాని, ఖాతానుండి ఖాతాకు గాని వచ్చిన సొమ్మునకు మాత్ర మీ నగదు నివేదికతో పనిలేదు.

ఇక ముక్కలు చేయు మాట. చట్టము వ్రాసినవా రా యుపాయమును మనకంటె ముందే యూహించిరి. ఒక్కొక్కటి పది లక్షలకు లోబడియున్నను, ఒకదానితో నొకటి సంబంధించిన వ్యవహారము లొకే నెలలో జరిగి మొత్తము పది లక్షలు దాటినచో నవియు నివేదికలో జేరును. కావున నాలుగు పాళ్లు చేసిన రైతు తప్పించుకొన్న దేమియు లేదు. పైపెచ్చు అనుమానాస్పద వ్యవహారముల నివేదిక యని వేఱొకటి గలదు. దానికి మొత్తముతో నిమిత్తము లేదు. అది పంపిన సంగతి ఖాతాదారునకు చెప్పుట బ్యాంకునకు నిషిద్ధము. సాధారణమైన నగదు లెక్కకు వెఱచి ఇట్టి సందేహమునకు లోనగుట పెనముమీదినుండి పొయ్యిలో పడుటయే.

ఈ భయ మొక రైతు నెంతవఱకు తీసికొనిపోయెనో చూపు నుదంతము అమెరికాలో జరిగినది. ఆ దేశమున 1970 నాటి చట్టమును బట్టి పదివేల డాలర్లకు మించిన నగదును బ్యాంకులు ప్రభుత్వమునకు తెలుపుచుండెను. ఆ నివేదికను తప్పించుటకై సొమ్మును విడదీయుట 1986 నాటి చట్టముతో నచట నేరమైనది. మేరీలాండు రాష్ట్రమున నొక పాడిరైతు కుటుంబము సంతలలో పాలు మొదలగునవి యమ్మి ఆ నగదును వారము వారము బ్యాంకులో వేయుచుండెడిది. పదివేలు దాటినచో కాగితములు నింపవలసియుండునని గుమాస్తా చెప్పగా, ఆ శ్రమ యెందులకని వారు అంతకు లోబడి కట్టుచు వచ్చిరి. 2012లో ప్రభుత్వమువారు వారి ఖాతాలోని సుమారు 63 వేల డాలర్లను జప్తు చేసిరి. అది పాలమ్మిన సొమ్మే. ఐనను 29,500 డాలర్లు వదలుకొని రైతు రాజీపడవలసివచ్చెను. ఆ సొమ్ము 2016లో గాని తిరిగి రాలేదు. ఎన్ని పూటల పాడియో! సొమ్ము అక్రమముగా నార్జించినదో, వేఱొక నేరమును కప్పిపుచ్చుటకు విడదీసినదో కానిచో పన్నులశాఖ యిట్లు జప్తు చేయరాదని 2019లో నచటి చట్టసభ కట్టడి చేసెను.

మన యొద్ద నగదు నివేదిక నేరారోపణయు కాదు, పన్నును కాదు. వ్యవసాయపు ఆదాయమునకు కేంద్రపు ఆదాయపు పన్ను లేనే లేదు. కాని అది వ్యవసాయపు ఆదాయమని చూపుట రైతు పని. మనవారు కాటా చీటీలను, మార్కెట్ యార్డువా రిచ్చిన తక్ పట్టీలను చూరులో దోపి మఱచెదరు. వానకాలము వచ్చుసరికి చెదలు తినును. పాసు పుస్తకముతోపాటు వీనిని కూడ పెట్టెలో నుంచవలెను. కౌలు రైతునకు పాసు పుస్తకము తన పేర నుండదు గనుక నాతనికి చీటీయే దిక్కు. దానిని భూస్వామి పేరనో దళారి పేరనో కాక తన పేరనే వ్రాయించుకొనవలెను. ఈ యొక్క యజాగ్రత్త వలన స్వంత పంట సొమ్మును పరుల సొమ్మువలె చూపుకొనవలసిన దురవస్థ కలుగును.

మఱియొక సంగతి. 2017 ఏప్రిల్ 1వ తేదీనుండి ఒకే మనుష్యుని యొద్ద ఒక దినమున గాని, ఒకే వ్యవహారమునకు గాని రెండు లక్షలు లేక అంతకు మించి నగదుగా పుచ్చుకొనరాదు. జరిమానా పుచ్చుకొన్నంత మొత్తము. అదియు ఇచ్చినవానిపై గాక పుచ్చుకొన్నవానిపై పడును. అంత సరుకు కొన్న వ్యాపారిని ఖాతాలో వేయుమని యడుగుటయే మేలు.

మా సభ్యులు మఱునాడు తక్ పట్టీలన్నియు గుడ్డసంచిలో పెట్టుకొని బ్యాంకునకు పోయి, పదునొకండు లక్షలను ఒకే చీటీతో కట్టి వచ్చిరి. గుమాస్తా పాన్ నంబరు మాత్రమే యడిగెనట. సంచి విప్పవలసిన పనియే కలుగలేదట.