ముందు అడ్డం... తర్వాతే నిలువు!

ఫోన్లో మ్యాపు తెరవండి. విజయవాడ హైవే మీద పెద్దఅంబర్‌పేట దాటాక వచ్చే బాటసింగారాన్ని వెతికి, అక్కడి పండ్ల మార్కెట్ మీద వేలు కాసేపు నొక్కిపట్టండి. రెండు సంఖ్యలు కనిపిస్తాయి. మొదటిది 17తో, రెండోది 78తో మొదలవుతుంది. 2021-22లో గడ్డిఅన్నారం నుంచి తరలివచ్చిన మార్కెట్ చిరునామా అంతా ఆ రెండింటిలోనే ఉంది. ఇప్పుడు వాటిని తారుమారు చేసి వెతకండి. మామిడికాయల లారీలు మాయం! ఉత్తర ధ్రువానికి దగ్గర్లో, నార్వేకి చెందిన స్వాల్‌బార్డ్ దీవుల్లో తేలతారు. అక్కడ కనిపించేవి మంచుకొండలూ, తెల్ల ఎలుగుబంట్లూ!

గ్రాఫు పేపరు మీద మన పిల్లలు చేసే పొరపాటు సరిగ్గా ఇదే. (3, 5) పెట్టమంటే (5, 3) పెడతారు. 'అంకెలు అవే కదా' అంటారు. తొమ్మిదో తరగతిలో నిరూపక జ్యామితి పాఠం వచ్చేసరికి ఆ అలవాటు ముదిరిపోతుంది. ఫ్రెంచి మేధావి డెకార్ట్ 1637లో అచ్చువేసిన పుస్తకంతో ఊపిరి పోసుకున్న విద్య ఇది. పైకప్పు మీద పాకే ఈగను చూసి ఆయనకీ ఆలోచన వచ్చిందని ఒక కథ చెబుతారు. కథ మాటెలా ఉన్నా, పిల్లలకు చెప్పడానికి మాత్రం భలే పనికొస్తుంది.

సున్నాతోనే చిక్కు

అన్నిటికన్నా ఎక్కువ తికమక పెట్టేది (0, 4). సున్నా అంటే 'ఏమీ లేదు' కాబట్టి పిల్లలు దాన్ని వదిలేసి, కళ్లకు కనిపించే 4ను పట్టుకుని అడ్డగీత మీద నాలుగడుగులు వేసేస్తారు. తప్పని కొట్టేస్తే లాభం లేదు. పైకే చెప్పించాలి. 'కుడికి సున్నా అడుగులు... అంటే కదలకు. పైకి నాలుగు అడుగులు.' ఇంట్లో టైల్స్ ఉంటే ఇంకా సులువు. ఒక మూలను మూలబిందువు అనుకుని, టైల్స్ గీతలు కలిసే చోట పిల్లల్ని నిలబెట్టండి. (4, 0)కీ (0, 4)కీ నడిపిస్తే రెండూ వేర్వేరు గోడల దగ్గర తేలతాయి. ఆ తర్వాత పేపరు మీద తప్పు చేసినా వాళ్లే నవ్వుకుని దిద్దుకుంటారు.

గీతలు కలిసే చోటే నిలబెట్టమనడానికి కారణముంది. చదరంగంలో ఈ-4 అంటే ఒక గడి పేరు. సినిమా టికెట్టు మీద జి-14 అంటే ఒక సీటు. గ్రాఫులో మాత్రం అంకె గడికి కాదు, గీతకు. అందుకే చదరంగం బాగా ఆడే పిల్లలు కూడా ఒక్కోసారి చుక్కను గడి మధ్యలో పెట్టేస్తుంటారు.

ఈ విషయంలో అమ్మమ్మల ముగ్గే నయం. ఏడు చుక్కలు, ఏడు వరుసలు పెట్టి, ఎడమవైపు అడుగు చుక్కను (0, 0) అనుకోమనండి. మీరు అంకెలు చెబుతుంటే పిల్లలు ఆ చుక్కల మీద పసుపో, పువ్వో పెట్టాలి. ఆనక మీరు పువ్వు పెట్టండి, అంకెలు వాళ్లు చెబుతారు. సందు చుక్కల ముగ్గు మాత్రం వద్దు. దాంట్లో చుక్కలు ఒకదాని కింద ఒకటి రావు, లెక్క కుదరదు.

దిల్‌సుఖ్‌నగర్ మైనస్ 3

మరి మైనస్ అంకెలో? ఎల్బీనగర్ మెట్రో స్టేషన్‌ను సున్నా అనుకోండి. పడమరకు వెళుతుంటే విక్టోరియా మెమోరియల్ మైనస్ 1, చైతన్యపురి మైనస్ 2, దిల్‌సుఖ్‌నగర్ మైనస్ 3. తూర్పున హయత్‌నగర్, పెద్దఅంబర్‌పేట, బాటసింగారం అన్నీ ప్లస్సే. ఉత్తరాన ఉన్న నాగోలు, ఉప్పల్ పైకి వెళ్లే గీత. రోజూ తిరిగే దారే కాబట్టి 'మైనస్ అంటే వెనక్కి' అని బట్టీపట్టే పని ఉండదు.

ఇదంతా మార్కుల కోసమేనా అంటే... కాదు. 2020 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన భూముల రీసర్వేలో హద్దులను అక్షాంశ రేఖాంశాలతో గుర్తించారు. తెలంగాణలో 2025లో అమల్లోకి వచ్చిన భూభారతి చట్టం కూడా రిజిస్ట్రేషన్‌కు సర్వే పటం జతచేసే ఏర్పాటు చేసింది. రేపు అమ్మానాన్నల ప్లాటు పటాన్ని చదవాల్సింది ఈ పిల్లలే.

అయితే ఒక మెలిక. పుస్తకంలో ముందు అడ్డం (ఎక్స్), తర్వాత నిలువు (వై). మ్యాపులోనేమో ముందు అక్షాంశం, అంటే ఉత్తర దక్షిణాల లెక్క. ఆ తర్వాతే రేఖాంశం. అచ్చంగా రివర్సు! ఫోన్లో బాటసింగారం చూపించేటప్పుడు ఆ తేడా కూడా చెప్పేయండి. లేకపోతే బడిలో నేర్చుకున్నది గుర్తుపెట్టుకున్న బుద్ధిమంతులే ముందుగా స్వాల్‌బార్డ్ చేరుకుంటారు.