దిగడం కుదరకపోతే మళ్లీ లేవాలి

కూచిపూడి పరిసరాల్లో వరిచేలో కొంగ వాలడం గమనించండి. నేల దగ్గరికి రాగానే ఒళ్లు నిటారుగా ఎత్తి, రెక్కలు విప్పి, వేగం తగ్గించుకుని కాళ్లు ఆనిస్తుంది. గన్నవరంలో దిగే విమానం చేసేదీ ఇదే. పైలట్లు దీన్ని ఫ్లేర్ అంటారు. శిక్షణలో ఉన్నవాళ్లకు ఓ పట్టాన పట్టుబడని విద్య ఇది.

2022 ఫిబ్రవరి 26న నల్గొండ జిల్లా పెద్దవూర మండలంలో సెస్నా 152 శిక్షణ విమానం కూలి, పైలట్ శిక్షణ పొందుతున్న యువతి చనిపోయింది. అలాంటి విషాదాలు అందరికీ తెలుస్తాయి. దిగేటప్పుడు రన్‌వే మీద చక్రాలు విరిగే ప్రమాదాలు అంతగా వార్తల్లోకి రావు.

సెస్నా 152లో రెండే సీట్లు. గరిష్ఠ బరువు 757 కిలోలు. రన్‌వే వైపు సుమారు 60 నాట్ల వేగంతో, అంటే గంటకు 110 కిలోమీటర్లతో వస్తుంది. వేగం 10 శాతం పెరిగితే గతిశక్తి 21 శాతం పెరుగుతుంది. పైగా నేలకు బాగా దగ్గరైతే రెక్కల మీద గాలి నిరోధం తగ్గుతుంది. దాంతో విమానం దిగకుండా తేలుతూ పోతుంది. రన్‌వే అయిపోతోందన్న కంగారులో ట్రైనీ ముక్కు కిందికి వంచితే ముందుచక్రమే మొదట నేలకు తగులుతుంది.

ఆ దెబ్బకు ముక్కు పైకి లేస్తుంది. రెక్క గాలిని ఎదుర్కొనే కోణం పెరిగి, విమానాన్ని ఎత్తే బలం ఒక్కసారిగా హెచ్చుతుంది. విమానం మళ్లీ గాల్లోకి లేస్తుంది. ట్రైనీ భయపడి ముక్కు మళ్లీ వంచుతాడు. అతను స్పందించేలోపే విమానం కదలిక మారిపోతుంది కాబట్టి, సరిదిద్దబోయిన ప్రతిసారీ కుదుపు పెరుగుతుంది. రెండు మూడుసార్లు ఇలా ఎగిరిపడితే ముందుచక్రం విరిగి, ప్రొపెల్లర్ నేలకు కొట్టుకోవచ్చు.

ఒంటరిగా ఎగిరే మొదటి రోజు ఇంకో చిక్కుంది. పక్కన ఇన్‌స్ట్రక్టర్ లేకపోతే బరువులో దాదాపు పదో వంతు తగ్గుతుంది. అలవాటైన వేగంతోనే వచ్చినా విమానం ఇంకా ఎక్కువ దూరం తేలుతుంది.

ఇలా ఎగిరిపడటానికి మందు ఒకటే. విమానం గట్టిగా ఎగిరిపడగానే ఇంజిన్ శక్తిని పెంచే థ్రాటిల్ పూర్తిగా తెరవాలి, ముక్కు నిలకడగా పట్టాలి, దిగడానికి రెక్కల వెనక దించిన ఫ్లాప్‌లను దశలవారీగా ముడుస్తూ పైకి వెళ్లిపోవాలి. ఇదే గో అరౌండ్. వేల గంటలు నడిపిన ఎయిర్‌లైన్ కెప్టెన్లు కూడా అవసరమైతే ఇదే చేస్తారు.

పైలట్ కోర్సులో చేరిన మన పిల్లలకు చెప్పాల్సిన మాట ఇది: నాలుగుసార్లు చుట్టి వచ్చినా తప్పులేదు, నామోషీ అంతకన్నా కాదు. మనసుకు అనుమానం వచ్చిన క్షణంలోనే థ్రాటిల్ తెరవండి.