మూల కలవాలంటే రందా పడుకోవాలి

బేగంబజార్: ఇక్కడి ఇనుప సామాను దుకాణాల్లో రందా, గుణియా దొరుకుతాయి. రంపంతో కోసిన కొన కచ్చితంగా 90 డిగ్రీలకు రావాలంటే మాత్రం షూటింగ్ బోర్డు కావాలి. ఇది అడ్డుపట్టీ బిగించిన చెక్కపలకే. మిగిలిన ముక్కలతో వడ్రంగులే చేసుకోవచ్చు. కొయ్యను పట్టీకి ఆనించి, రందాను పక్కకు పడుకోబెట్టి తోయాలి. వెనుక పట్టీ ఆసరా ఉండటంతో అంచు పెచ్చులూడదు. రందా పక్కభాగం అడుగుభాగానికి లంబంగా ఉందో లేదో చూసుకోవాలి.

పటం చట్రానికి పట్టీని 45 డిగ్రీలకు బిగించాలి. చట్రంలో కోతలు 8. అన్నీ ఒకేవైపు అర డిగ్రీ చొప్పున తప్పితే చివరి మూలలో 4 డిగ్రీల సందు తేలుతుంది. లప్పం పూసినా ఎండాక రాలిపోవచ్చు. బిగించే ముందే పట్టీని గుణియాతో సరిచూడాలి.