ఈతకొచ్చినా చొక్కా విప్పని అబ్బాయి

వేసవి సెలవుల్లో పిల్లలంతా బావిలోకి దూకుతుంటే ఒకడు గట్టు మీదే కూర్చుంటాడు. అడిగితే జలుబంటాడు. చొక్కా విప్పితే రొమ్ము చూసి నవ్వుతారని వాడి భయం. వాడికెవరూ చెప్పని లెక్క ఒకటుంది: యుక్తవయసుకొచ్చే మగపిల్లల్లో దాదాపు సగం మందికి ఎంతో కొంత రొమ్ము పెరుగుతుంది. అంటే ఆ నీళ్లలో ఉన్నవాళ్లలోనూ కొందరికి అదే ఉండి ఉంటుంది.

డాక్టర్లు దీన్ని గైనకోమాస్టియా అంటారు. మగవారి ఒంట్లోనూ ఆడ హార్మోన్ ఈస్ట్రోజన్ ఉంటుంది. మగ హార్మోన్ టెస్టోస్టిరాన్‌తో పోలిస్తే దాని వాటా పెరిగితే చనుమొన కింద బిళ్లలా గట్టిపడుతుంది, ముట్టుకుంటే నొప్పి. 13, 14 ఏళ్లప్పుడు ఇది ఎక్కువ. చాలామందికి 6 నెలల నుంచి 2 ఏళ్లలో దానంతటదే తగ్గుతుంది. పుట్టిన బిడ్డల్లోనైతే 60 నుంచి 90 శాతం మందికి తల్లి హార్మోన్ల వల్ల రొమ్ము ఉబ్బుతుంది. కొన్ని ఇళ్లలో పాలు తీయాలని పిండుతారు. దయచేసి పిండకండి, చీము పట్టొచ్చు.

పెద్దవాళ్ల సంగతి వేరు. చికిత్సకు వచ్చేవారిలో సుమారు 25 శాతం మందికి అది యుక్తవయసు నుంచీ ఉండిపోయినదే. మరో 25 శాతం మందిలో కారణం దొరకదు. 10 నుంచి 25 శాతం మందికి మందులే కారణం. గుండె బలహీనతకిచ్చే స్పైరనోలాక్టోన్‌పై 1999లో వెలువడిన పరీక్షలో, ఆ మాత్ర వాడిన మగవారిలో 10 శాతం మందికి రొమ్ము పెరగడమో నొప్పో వచ్చింది. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారిలో 1 శాతానికే. అలాగని మాత్ర సొంతంగా ఆపేస్తే గుండెకే ముప్పు. డాక్టరుకు చెబితే మార్చే వీలుంది. కండల కోసం జిమ్ కుర్రాళ్లు తీసుకునే స్టెరాయిడ్లు కూడా ఒంట్లో కొంత ఈస్ట్రోజన్‌గా మారతాయి. లివర్ గట్టిపడటం, థైరాయిడ్ ఎక్కువవడం, కిడ్నీ జబ్బు కూడా కారణాలే.

బిళ్ల తగలకుండా మెత్తగా ఉంటే చాలావరకు అది కొవ్వే. రొమ్ము క్యాన్సర్లలో మగవారివి దాదాపు 1 శాతమే. అయినా ఒక్కవైపే, చనుమొనకు పక్కగా రాయిలాంటి గడ్డ ఉన్నా, రక్తం కారినా ఆలస్యం చేయకూడదు. పెద్దవాళ్లలో గైనకోమాస్టియా ఏడాది దాటితే కణజాలం నారలా గట్టిపడి మందులకు అంతగా లొంగదు, చాలావరకు ఆపరేషనే దారి.

డాక్టరు వృషణాలు కూడా పరీక్షిస్తారు. చికిత్సకు వచ్చే పెద్దవాళ్లలో నూటికి సుమారు ముగ్గురిలో కారణం అక్కడి గడ్డే. ఆ పరీక్ష ఉంటుందన్న సంగతి ఆస్పత్రికి బయల్దేరే ముందే నాన్నో మేనమామో అబ్బాయికి నెమ్మదిగా చెప్పి ఉంచాలి.