ఒక మనిషికి ఎన్ని ‘మనం’లు?

ఏ మనిషైనా ఒకే సమయంలో అనేక సమూహాల్లో ఉంటాడు: ఇల్లు, కులం, మతం, భాష, వృత్తి, ఊరు, దేశం. ‘నేనెవరిని’ అన్నదానికి జవాబు కొంతవరకు వీటి నుంచే పుడుతుందని 1979లో మనస్తత్వ శాస్త్రవేత్తలు హెన్రీ తాజ్‌ఫెల్, జాన్ టర్నర్ ప్రతిపాదించిన సామాజిక అస్తిత్వ సిద్ధాంతం చెబుతుంది. పోలండ్‌లో పుట్టిన యూదుడైన తాజ్‌ఫెల్‌కు ఇది అనుభవంలోని సంగతి. రెండో ప్రపంచయుద్ధంలో ఫ్రెంచి సైనికుడిగా జర్మన్లకు చిక్కి, పోలండ్ వాడినన్న విషయం దాచడం వల్లే ప్రాణాలతో బయటపడ్డాడు.

మహారాష్ట్రలోని సోలాపూర్‌లో ఈ బహుళత్వం కళ్లకు కడుతుంది. బతుకుదెరువు కోసం తెలంగాణ జిల్లాల నుంచి వలసవెళ్లిన పద్మశాలీలు అక్కడ తరాలుగా నేతపని మీద బతికారు. ఇంట్లో తెలుగు, బజారులో మరాఠీ. శ్రావణ పౌర్ణమికి తమ మూలపురుషుడిగా కొలిచే మార్కండేయుడి రథం కదిలితే అందరూ కులబంధువులే. మరమగ్గాల షెడ్డులో కూలి రేటు మీద పేచీ వస్తే మాత్రం ఆ కులంలోనే యజమాని ఒకవైపు, కార్మికుడు మరోవైపు. ఆ పూట కార్మికుడికి పక్క మగ్గం మీది మరాఠీవాడే దగ్గరివాడు.

ఇన్ని సమూహాలను మనసు నాలుగు రకాలుగా అమర్చుకుంటుందని 2002లో సోనియా రోకాస్, మెరిలిన్ బ్రూవర్ వివరించారు. అన్నింటా తనలాంటివారినే, అంటే సోలాపూర్ నేతకార్మికుడైతే తెలుగు పద్మశాలీ కార్మికులనే, మనవాళ్లనుకోవడం ఒకటి. ఏదో ఒక్కదానికి, తరచూ కులానికి, పెద్దపీట వేయడం మరొకటి. గుడి దగ్గర కులం, షెడ్డులో యూనియన్ అని చోటును బట్టి మెలగడం మూడోది. చాలామంది రోజులు గడిచేది ఇలాగే. ఏ ఒక్క సమూహంలో తోడున్నా మనవాడే అనుకోవడం నాలుగోది. అన్నిటికన్నా కష్టమైనదీ, విలువైనదీ ఇదే. తన కులంవారంతా తన యూనియన్‌లో లేరని, యూనియన్‌వారంతా తన భాష మాట్లాడరని ఎరిగినవాడికి పూర్తిగా పరాయివాడంటూ ఉండడు. ఇలాంటి ఎరుక ఉన్నవారిలో ఇతరుల పట్ల సహనం ఎక్కువని తర్వాతి అధ్యయనాల్లో తేలింది.

అయితే ఆ ఎరుక ఎప్పుడూ నిలకడగా ఉండదు. భయం, ఒత్తిడి చూపును ఇరుకు చేస్తాయి. ఏళ్లుగా పక్కపక్కన పనిచేసినవారు అల్లర్ల రోజుల్లో ఒకరికొకరు మతంగా మాత్రమే కనబడేది అందుకే. అలాంటి రోజుల్లో మనుషులను పట్టి ఉంచేది ఉమ్మడి వ్యవహారం. తరచూ మతకలహాలు జరిగే అలీగఢ్‌ను, ప్రశాంతంగా ఉండే కోళికోడ్‌ను రాజకీయ శాస్త్రవేత్త అశుతోష్ వార్ష్నీ పోల్చి చూశారు. హిందువులూ ముస్లింలూ కలిసి నడిపే వర్తక, కార్మిక సంఘాలు కోళికోడ్‌లో బలంగా ఉన్నాయి. వదంతులు పుట్టినప్పుడు వాటిని అక్కడికక్కడే ఆపిందీ ఆ సంఘాలవారేనని ఆయన గుర్తించారు.