సర్పంచ్ ఎన్నికకీ, ఊళ్లో లేఅవుట్‌కీ సంబంధమేంటి? కోనసీమ ఓటరు తెలుసుకోవాల్సిన విషయాలు

అమలాపురం, రాజోలు, కొత్తపేట చుట్టుపక్కల రోడ్డు వార ఉన్న వరి చేలు, కొబ్బరి తోటలు ప్లాట్లుగా మారుతున్నాయి. ఊళ్లో వెంచర్ వేసే వ్యాపారికి పంచాయతీతో పని తప్పదు. అందుకే సర్పంచ్ ఎవరన్నది వాళ్లకు లాభనష్టాల లెక్క. ఊరికి మాత్రం అది మురుగు నీరు ఎటు పోతుందన్న లెక్క.

పంచాయతీ చేతిలో ఏముంది?

2002 నాటి నిబంధనల ప్రకారం లేఅవుట్‌లో 10 శాతం స్థలాన్ని ఊరి అవసరాలకు వదిలి, పంచాయతీకి రాసివ్వాలి. రోడ్లు, కాలువలు వేయాలి. అనుమతి లేని లేఅవుట్‌ను అడ్డుకోవాల్సిందీ పంచాయతీయే. పాలకవర్గం చూసీ చూడనట్టు ఊరుకుంటే ఆ 10 శాతం కాగితం మీదే మిగులుతుంది.

కోనసీమలో ఇంకో చిక్కుంది. ఇది పల్లపు డెల్టా. చేను పూడ్చి మెరక చేస్తే, నీళ్లు పక్క చేలోకి పోతాయి. 2011లో ఇక్కడి రైతులు పంట విరామం ప్రకటించారు. అప్పుడు వాళ్లు చెప్పిన బాధల్లో మురుగు కాలువల దుస్థితి కూడా ఉంది.

డబ్బు ఎక్కడ పని చేస్తుంది?

పంచాయతీ ఎన్నికలు పార్టీ గుర్తులపై జరగవు. అభ్యర్థి సొంతంగా ఖర్చు పెట్టుకోవాలి. ఆ ఖర్చు ఇంకొకరు భరిస్తే, గెలిచాక మొహమాటం తప్పదు.

పైగా ఓట్లు తక్కువ. ఉదాహరణకు 400 ఓట్ల వార్డులో ఇద్దరే పోటీ పడుతున్నారనుకుందాం. 80 శాతం పోలైతే గెలవడానికి 161 ఓట్లు కావాలి. 60 శాతమే పోలైతే 121 చాలు. ఇంట్లో కూర్చున్న ప్రతి ఓటరూ డబ్బు పంచేవాడి ఖర్చు తగ్గిస్తున్నట్టే. గల్ఫ్‌లో ఉన్నవాళ్లకు అక్కడి నుంచి ఓటేసే వీల్లేదు కాబట్టి, ఊళ్లో ఉన్నవాళ్ల ఓటుకు విలువ ఇంకా ఎక్కువ.

2021 ఫిబ్రవరిలో నాలుగు దశల్లో జరిగిన ఎన్నికల్లో రాష్ట్రవ్యాప్తంగా 80 శాతానికి పైగా పోలింగ్ జరిగింది. కానీ 2 వేలకు పైగా పంచాయతీల్లో సర్పంచ్ పదవి ఏకగ్రీవమైంది. అక్కడ సర్పంచ్‌ని ఎన్నుకునే ఓటే పడలేదు. ఏకగ్రీవాలకు జనాభాను బట్టి రూ.5 లక్షల నుంచి రూ.20 లక్షల దాకా ప్రోత్సాహకం ప్రకటించారు. ఊరంతా కలిసి ఒప్పుకుంటే మంచిదే. నలుగురు పెద్దలు, ఒక వ్యాపారి కూర్చుని తేల్చేస్తే అది ఏకగ్రీవం కాదు, బేరం.

ఓటరు ఏం చేయొచ్చు?

ప్రచారానికి వచ్చిన అభ్యర్థిని మూడు మాటలు అడగాలి. ఊళ్లో ఎన్ని లేఅవుట్లకు అనుమతి ఉంది? వదిలిన 10 శాతం స్థలం ఎక్కడుంది? పూడిన కాలువ ఎవరు తీయిస్తారు?

ఓటేశాక కూడా పని ఉంది. ఓటరు జాబితాలో పేరున్న ప్రతి ఒక్కరూ గ్రామసభ సభ్యులే. ఈ మూడు మాటలే అక్కడ మళ్లీ అడిగి, జవాబును మినిట్స్ పుస్తకంలో రాయించాలి. నోటు తీసుకున్నవాడికి ఆ రోజు గొంతు పెగలదు.