పాల వ్యాను ప్లగ్గులను ఇంటి వద్దనే మార్చుకొనే విధానం

సంఘాల తనిఖీకి వెళ్ళినప్పుడు మేము పాల కొలత పుస్తకం, వెన్న పరీక్ష రిజిస్టరు, నగదు చిట్టా చూస్తాము. వాకిట్లో నిలిపిన పాల బండి వైపు చూచే అలవాటు మాకు చాలా కాలం వరకు లేదు. ఆ అలవాటు ఎలా వచ్చిందో ముందుగా సభ్యులకు మనవి చేస్తాము.

2005 ఏప్రిల్ నెల. మా పరిధిలోని ఒక సంఘం పాత మారుతి ఓమ్నీ వ్యాను కొని పాలను శీతల కేంద్రానికి తోలుతూ ఉండేది. ఆ బండి వారం రోజులుగా కుదుపులతో నడుస్తున్నది. ఒకనాటి ఉదయం 40 లీటర్ల క్యాన్లు ఎనిమిదింటితో బయలుదేరి, కాలువ వంతెన ఎత్తు ఎక్కలేక ఆగిపోయినది. ట్రాక్టరు దొరికి పాలు కేంద్రానికి చేరేసరికి ఎండ ముదిరినది. కాచి చూచే పరీక్షలో పాలు విరిగినవి. 320 లీటర్లూ తిప్పి పంపారు. ఒక్క గేదె పాలతో ఇల్లు గడుపుకొనే సభ్యురాలికి కూడా ఆ పూట పాల డబ్బు రాలేదు.

తరువాత ప్లగ్గులు విప్పి చూస్తే రెండు పూర్తిగా నల్లబడి ఉన్నవి. వాటిని ముందే ఎందుకు మార్చలేదని కార్యదర్శి గారిని అడిగాము. ఆయన తనిఖీ నివేదిక తెచ్చి చూపించారు. అంతకు రెండు నెలల ముందు ప్లగ్గులు, ప్లగ్గు పానా కొన్న వోచరుకు పాలకవర్గ తీర్మానం లేదని అభ్యంతరం వ్రాసినది మేమే! ఆయన భయపడి సామాను దుకాణానికి తిరిగి ఇచ్చివేశారు. నియమం ప్రకారం మేము వ్రాసినది తప్పు కాదు. కానీ తీర్మానం ఎలా చేసుకోవాలో ఆనాడే కూర్చుండి చెప్పకపోవడం మా తప్పు. ఈ వ్యాసం ఆ బాకీ తీర్చుకొనడానికే.

ప్లగ్గు చేసే పని

పెట్రోలు ఇంజనులో గాలి, పెట్రోలు ఆవిరి కలిసిన మిశ్రమానికి నిప్పు అంటించేది స్పార్క్ ప్లగ్గు. వేల వోల్టుల విద్యుత్తు దాని కొన వద్ద ఉన్న చిన్న సందును దాటేటప్పుడు నిప్పురవ్వ పుడుతుంది. ఇంజను నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుంటే ఒక్కొక్క ప్లగ్గు నిమిషానికి 1500 సార్లు, గంటకు 90 వేల సార్లు రవ్వ వేయాలి. అందువల్ల కొన క్రమంగా అరుగుతుంది, సందు పెరుగుతుంది, రవ్వ బలహీనపడుతుంది.

ఓమ్నీ వ్యానుకు మూడు సిలిండర్లు, మూడు ప్లగ్గులు. ఈ వ్యాను తయారీ 2019లో ఆగిపోయినా గ్రామాలలో ఇంకా కనిపిస్తూనే ఉన్నది. ఒక ప్లగ్గు పని చేయకపోతే బండి వెంటనే ఆగదు. మిగిలిన రెండింటితో ఈడ్చుకుంటూ పోతుంది, పెట్రోలు ఎక్కువ తాగుతుంది. కుదుపు, ఎత్తు ఎక్కలేకపోవడం, ఉదయం స్టార్టు కావడానికి మొరాయించడం ముందస్తు హెచ్చరికలు. పితికిన పాలు ఒంటి వేడితో ఉంటాయి. ఆ వేడిలో సూక్ష్మజీవులు అరగంట లోపే రెట్టింపు కాగలవు. పాలు 4 డిగ్రీలకు చల్లబడేవరకు ప్రతి నిమిషమూ విలువైనదే. కనుక పాల బండి హెచ్చరిక ఇస్తే వారం ఆగరాదు.

డీజిలు బండికి స్పార్క్ ప్లగ్గులు ఉండవు. దానికి ఉండే హీటరు ప్లగ్గుల పని వేరు. ఈ వ్యాసం పెట్రోలు కార్లకు, వ్యానులకు మాత్రమే.

కావలసిన సామాను

బండి పుస్తకంలో చెప్పిన నంబరు గల కొత్త ప్లగ్గులు, సరిపోయే ప్లగ్గు పానా (సాధారణంగా 16 లేక 21 మి.మీ.), సందు కొలిచే ఫీలర్ గేజి, శుభ్రమైన గుడ్డ, జానెడు రబ్బరు గొట్టం, సైకిలు పంపు. దుకాణంలో "ఇదీ పడుతుంది" అన్నంత మాత్రాన వేరే నంబరు తీసుకోరాదు. మర పట్టినా పొడవు, వేడిని తట్టుకొనే గుణం వేరుగా ఉండవచ్చును.

మార్చే పద్ధతి

1. ఇంజను పూర్తిగా చల్లారిన తరువాతనే పని మొదలుపెట్టాలి. సిలిండరు హెడ్డు అల్యూమినియంతో చేసినది. వేడి మీద ప్లగ్గు తిప్పితే హెడ్డులోని మర చెడుతుంది. హ్యాండు బ్రేకు వేసి, తాళం చెవి తీసి జేబులో వేసుకోవాలి. ఓమ్నీలో ఇంజను ముందు సీట్ల క్రింద ఉంటుంది.

2. ప్లగ్గు తీగలకు 1, 2, 3 అని గుర్తులు అంటించాలి. ఒక ప్లగ్గు పని పూర్తి అయిన తరువాతనే రెండవ దానిని ముట్టుకోవాలి. తీగలు తారుమారైతే ఇంజను సరిగా నడవదు. తీగను పట్టి లాగరాదు. టోపీని పట్టుకొని కొంచెం మెలితిప్పుతూ తీయాలి. కొత్త రకం కార్లలో తీగకు బదులు ప్రతి ప్లగ్గు మీద కాయిలు ఉంటుంది. దాని కనెక్టరు ఊడదీసి, బోల్టు విప్పి, నిటారుగా పైకి తీయాలి.

3. ప్లగ్గు చుట్టూ ఉన్న దుమ్మును సైకిలు పంపుతో ఊదివేయాలి. ఈ పని మరచిపోతే ఇసుక సిలిండరులో పడి లోపల గీతలు పెడుతుంది.

4. పానాను నిటారుగా పెట్టి ఎడమ వైపు తిప్పాలి. పక్కకు వంచితే పింగాణీ పగులుతుంది. బిగిసిపోయి కదలకపోతే పానాకు పైపు తొడిగి బలం చూపరాదు. తుప్పు వదిలే నూనె నాలుగు చుక్కలు వేసి కొంతసేపు ఆగాలి. అప్పటికీ రాకపోతే మెకానిక్కును పిలవాలి.

5. కొత్త ప్లగ్గు సందు ఫీలర్ గేజితో చూడాలి. చాలా బండ్లకు ఇది 0.7 నుండి 1.1 మి.మీ. మధ్య ఉంటుంది. మీ బండి పుస్తకంలోని అంకెనే పాటించాలి. తేడా ఉంటే పక్క కొమ్మును మాత్రమే మెల్లగా వంచాలి. ఇరిడియం ప్లగ్గుల సన్నని కొనను ముట్టుకోరాదు.

6. కొత్త ప్లగ్గు తల మీద రబ్బరు గొట్టం తొడిగి, ఆ గొట్టంతోనే వ్రేళ్ళతో మర ఎక్కించాలి. మర వంకరగా పడితే గొట్టం జారుతుంది. అప్పుడు వెనుకకు తిప్పి మళ్ళీ మొదలుపెట్టాలి. మొదటి చుట్లకు పానా వాడరాదు. మేము చూచిన చెడిపోయిన హెడ్డులలో ఎక్కువ భాగం ఈ తొందర వల్లనే చెడినవి.

7. ప్లగ్గు చేతితో ఆనిన తరువాత పానాతో బిగించాలి. కొత్త వాషరు ఉన్న ప్లగ్గుకు మరో అర చుట్టు నుండి మూడింట రెండు వంతుల చుట్టు చాలును. వాషరు లేని, ఏటవాలు అంచు గల ప్లగ్గుకు చుట్టులో పదహారవ వంతు చాలును. టార్కు పానా ఉన్నవారు పుస్తకంలోని అంకె ప్రకారం బిగించాలి.

8. టోపీని గట్టిగా అదిమి తొడగాలి. మూడూ పూర్తి అయిన తరువాత స్టార్టు చేసి, శబ్దం సమంగా వస్తున్నదో లేదో వినాలి.

పాత ప్లగ్గును చదవడం

లాక్టోమీటరు, వెన్న పరీక్ష చూచి మనం పాల సంగతి తెలుసుకుంటాము. అలాగే విప్పిన ప్లగ్గు కొనను చూచి ఇంజను సంగతి తెలుసుకోవచ్చును. అందుచేత పాత ప్లగ్గులను ఏ సిలిండరువి ఆ క్రమంలో వరుసగా పెట్టి చూడాలి.

లేత గోధుమ రంగు ఉంటే ఇంజను ఆరోగ్యంగా ఉన్నది. పొడి మసి ఉంటే పెట్రోలు ఎక్కువగా పోతున్నది, లేదా ఎయిర్ ఫిల్టరు దుమ్ముతో మూసుకున్నది. తడి నూనె జిడ్డు ఉంటే రింగుల వద్దనో, వాల్వుల వద్దనో ఇంజను ఆయిలు దిగుతున్నది. తెల్లగా కాలి బొబ్బలు ఉంటే ఇంజను అతిగా వేడెక్కుతున్నది, లేదా నంబరు తప్పిన ప్లగ్గు వేశారు. పై సంఘం వారి బండి ప్లగ్గులకు పట్టినది పొడి మసి. ఎయిర్ ఫిల్టరు తీస్తే గడ్డి పొట్టు, ధూళి! కారణం విడిచి ప్లగ్గులు మాత్రం మార్చి ఉంటే నెల తిరగకుండా అదే వంతెన మీద మళ్ళీ ఆగేది.

సంఘాలకు సూచనలు

ప్లగ్గులను ఎన్ని కిలోమీటర్లకు మార్చాలో బండి పుస్తకం చెబుతుంది. సాధారణ రకం కంటే ఇరిడియం రకం చాలా ఎక్కువ కాలం పని చేస్తుంది. ఒక కొత్త జత, ప్లగ్గు పానా ఎప్పుడూ బండిలో ఉంచుకోవాలి. మార్చిన తేదీ, కిలోమీటర్లు, పాత ప్లగ్గుల రంగు లాగు పుస్తకంలో వ్రాయాలి.

చివరగా ముఖ్యమైన మాట. చిన్న మరమ్మతులకు ఇంత మొత్తం వరకు కార్యదర్శి స్వయంగా ఖర్చు పెట్టి తదుపరి సమావేశంలో ఆమోదం పొందవచ్చునని పాలకవర్గం సంఘ నియమావళికి లోబడి ముందుగానే తీర్మానం చేసుకోవాలి. బిల్లు, వోచరు జతపరచి ఉంచితే తనిఖీ అధికారికి అభ్యంతరం వ్రాసే అవసరం ఉండదు. పై సంఘం ఆ నెలలోనే అలా తీర్మానం చేసుకున్నది. ఆ తీర్మానం ముసాయిదా మేమే వ్రాసి ఇచ్చాము.